హిక్కడువ, అరుగం బే: రెండు గాలుల అలల ఊళ్లు

సర్ఫింగ్ కోసం శ్రీలంక వెళ్లేవాళ్లు ముందు నెల చూసుకోవాలి, ఊరు ఆ తర్వాత. నైరుతి తీరాన హిక్కడువ, తూర్పు తీరాన పొత్తువిల్‌ను ఆనుకుని అరుగం బే. రెండూ చిన్న ఊళ్లే, రెంటికీ అలల వల్లే దేశదేశాల్లో పేరొచ్చింది. అయితే రెండూ ఒకే నెలలో బాగుండవు. మే నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలి హిక్కడువ దగ్గర సముద్రం మీంచి ఒడ్డుకు కొడుతుంది. కెరటాలు చెదిరిపోతాయి, నీళ్లు కలకబారతాయి. అదే గాలి దీవిని దాటి అరుగం బే చేరేసరికి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డుకొచ్చే కెరటానికి అది ఎదురుగాలి. దాంతో కెరటం తొందరగా విరిగిపడకుండా నిటారుగా లేచి, ముఖం నున్నగా నిలుస్తుంది. దక్షిణ మహాసముద్రం నుంచి వచ్చే పెద్ద అలలకూ అవే నెలలు అదను. అవి అరుగం బే కొన చుట్టూ తిరిగి, పలక మీద నిలబడ్డవాళ్లకు కుడివైపుగా వరుసన విరుగుతూ చాలాదూరం సాగుతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలి కాలం, అది హిక్కడువ కాలం.

ఈ లెక్క సర్ఫర్లకంటే ముందే జాలరులకు తెలుసు. నైరుతి వానలు మొదలవగానే పడమటి, దక్షిణ తీరాల జాలరులు పడవలూ వలలూ తీసుకుని తూర్పు తీరానికి తరలిపోయేవారు. ఇసుకలో తాటాకు, కొబ్బరాకు పాకలు వేసుకుని గాలి మారేదాకా అక్కడే ఉండేవారు. ఈ విడిదిని సింహళంలో వాడియ అంటారు. తెలుగు జాలరుల అలివి వల లాంటి పెద్ద వల వాళ్ల ప్రధాన సాధనం. పడవ అర్ధచంద్రాకారంగా తిరుగుతూ వలను నీళ్లలో దింపుకుంటూ వస్తుంది. రెండు కొసల తాళ్లను ఒడ్డున రెండు వరుసల మనుషులు పాట పాడుతూ లాగుతారు. కెరటాలు పోటెత్తే తీరాన ఈ పని సాగదు గనుక, వలస వాళ్ల బతుకులో భాగమైంది. సర్ఫింగ్ సీజన్ల చరిత్ర రాసేవాళ్లు తరచూ వదిలేసే అధ్యాయం ఇది.

హిక్కడువకు ముందు పేరు రావడానికి కారణం రైలు. కొలంబో నుంచి గాలే వెళ్లే రైలు దారి ఈ ఊరి గుండా, సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. 1970ల్లో హిప్పీలు, వాళ్లతోపాటు సర్ఫర్లు ఇక్కడ దిగారు. ఊరి ముందున్న పగడపు దిబ్బ వాళ్లకు అలలనిచ్చింది, అద్దపు అడుగున్న పడవల్లో తిరిగేవాళ్లకు రంగుల చేపలను చూపించింది. 1979లో ప్రభుత్వం దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అదే తీరంలో కాస్త ఎగువన పగడాలను తవ్వి, బట్టీల్లో కాల్చి, ఇళ్లకు సున్నం చేసి అమ్మేవారు. చట్టం కాదన్నా చాటుగా తవ్వకం ఆగలేదు.

దాని ఫలితం 2004 డిసెంబరు 26న బయటపడింది. హిక్కడువకు సుమారు మూడు కిలోమీటర్ల ఎగువన, పెరాలియా దగ్గర ఆగి ఉన్న రైలును సునామీ ముంచేసింది. అలకు భయపడి ఊరివాళ్లు కొందరు ఆ పెట్టెల్లోకే ఎక్కి తలదాచుకున్నారు. సుమారు 1,700 మంది చనిపోయారు. ప్రపంచ రైల్వే చరిత్రలో ఇంతటి ఘోరం మరొకటి లేదు. తర్వాత తీరాన్ని కొలిచిన శాస్త్రవేత్తలు పెరాలియాలో అల పది మీటర్లు లేచి ఒకటిన్నర కిలోమీటర్లు లోపలికి వచ్చిందని, పగడపు దిబ్బ మిగిలిన హిక్కడువలో రెండు మూడు మీటర్లే లేచి యాభై మీటర్ల దగ్గర ఆగిందని 2005లో ప్రకటించారు. ఊరిని కాచిన దిబ్బే ఊరికి సర్ఫింగ్ అలనూ ఇచ్చిందని మరువరాదు.

అరుగం బే కథ వేరు. అక్కడికి రైలు లేదు. తమిళం మాట్లాడే ముస్లింలు ఎక్కువగా, తమిళులు, సింహళీయులు కొందరుగా ఉండే జాలరి పల్లె అది. 1970ల్లోనే సర్ఫర్లు వెతుక్కుంటూ వచ్చినా, 1983లో మొదలైన అంతర్యుద్ధం ఆ దారిని దాదాపు మూసేసింది. దక్షిణాన ఉన్న కుమన అభయారణ్యం 1985 నుంచి 2003 దాకా సందర్శకులకు తెరుచుకోలేదు. 2002 కాల్పుల విరమణతో రాకపోకలు పెరిగాయనగా సునామీ ఊరిని ఊడ్చేసింది. ఆపైన ప్రభుత్వం తూర్పు తీరాన 200 మీటర్ల లోపు ఇళ్లు కట్టరాదంది. హోటళ్లకు మాత్రం వెసులుబాటిచ్చింది. పడవ కళ్ల ముందుండాల్సిన జాలరికి ఇది బతుకుతెరువుకే ఎసరు. వాళ్లు వీధికెక్కారు. నవోమీ క్లైన్ 2007 నాటి తన పుస్తకం ‘ద షాక్ డాక్ట్రిన్’లో ఈ గొడవను వివరంగా రాశారు. ఆ నిబంధనను తర్వాత సడలించారు గానీ, ఒడ్డున నేల ఎవరిదన్న తగాదా తీరలేదు.

2009లో యుద్ధం ముగిశాక దారులు తెరుచుకున్నాయి. 2018లో స్థానిక మహిళలు అరుగం బేలో తమ సొంత సర్ఫింగ్ క్లబ్బు పెట్టుకున్నారు. దేశంలో ఆడవాళ్లకంటూ ఏర్పడ్డ మొదటి క్లబ్బు అదే. మరుసటి ఏడు సెప్టెంబరులో, నైరుతి గాలి ఇంకా నిలిచి ఉండగానే, అంతర్జాతీయ పోటీ ఆ కొన దగ్గరే జరిగింది.