ఆరో తరగతికి ముందే మొదలయ్యే వెనుకబాటు: ఢిల్లీ పిల్లల అభ్యసన ఫలితాలను ప్రభావితం చేసే అంశాలు

2016లో ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో ఆరో తరగతి విద్యార్థుల సామర్థ్యాన్ని పరీక్షించగా, 74 శాతం మంది తమ హిందీ పాఠ్యపుస్తకంలోని ఒక పేరాను చదవలేకపోయారు. వీరంతా ఐదు తరగతులు పూర్తిచేసి వచ్చినవారే. బడిలో చేరడం, పై తరగతికి వెళ్లడం ఒక విషయం, చదువు రావడం మరో విషయం అని ఈ అంకె తేటతెల్లం చేసింది.

దేశ రాజధానిలో విద్యా నిర్వహణ తీరు ఈ సమస్యను మరింత జటిలం చేస్తోంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ప్రభుత్వ రంగ చదువు ప్రధానంగా నగర పాలక సంస్థ బడుల్లో సాగుతుంది. ఆరో తరగతి నుంచి పిల్లలు ఢిల్లీ ప్రభుత్వ విద్యాశాఖ పాఠశాలలకు మారతారు. సర్వోదయ విద్యాలయాల్లో మాత్రం ఒకటి నుంచి పన్నెండు వరకు తరగతులన్నీ ఒకేచోట ఉంటాయి. పునాది వేసేది ఒక వ్యవస్థ, దాని లోపాన్ని మోయవలసింది మరో వ్యవస్థ కావడంతో బాధ్యత ఎవరిదన్నది తరచూ వివాదంగానే మిగిలిపోతోంది.

ఫలితాలను ప్రభావితం చేసే అంశాల్లో అన్నిటికన్నా బలమైనది, పిల్లల వాస్తవ స్థాయికి, తరగతిలో చెప్పే పాఠానికి మధ్య ఉన్న దూరం. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ 2015లో ఢిల్లీలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి విద్యార్థులపై జరిపిన అధ్యయనం ఈ దూరాన్ని కొలిచింది. గణితంలో ఆరో తరగతి విద్యార్థి సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉండగా, తొమ్మిదో తరగతికి చేరేసరికి ఆ అంతరం నాలుగున్నర తరగతులకు పెరిగింది. ఉపాధ్యాయుడు సిలబస్ పూర్తిచేస్తున్న కొద్దీ పిల్లలు మరింత వెనుకబడుతున్నారన్నమాట. బడిలోనే చదువుకున్న పిల్లల్లో, ప్రతి తరగతిలోనూ అట్టడుగున ఉన్న మూడో వంతు వారిలో ఆ కాలంలో చెప్పుకోదగ్గ ప్రగతే కనిపించలేదు. ప్రతి విద్యార్థికీ అతని స్థాయిని బట్టి అభ్యాసాలిచ్చే మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్‌తో బడి వేళల తర్వాత బోధన పొందినవారు మాత్రం నాలుగున్నర నెలల్లోనే గణితంలోనూ, హిందీలోనూ స్పష్టంగా ముందుకు వెళ్లారు. ఫలితం కంప్యూటర్ వల్ల వచ్చిందనుకోవడం పొరపాటు. పిల్లవాడు ఆగిపోయిన చోటు నుంచే బోధన మొదలుకావడమే ఇందులో కీలకం. ముంబై, వడోదరల్లో ప్రథమ్ సంస్థ కంప్యూటర్లు లేకుండా, స్థానిక యువతుల సాయంతో వెనుకబడిన పిల్లలకు నడిపిన ప్రత్యేక తరగతులు కూడా మంచి ఫలితాలనే ఇచ్చాయి.

ఢిల్లీ ప్రభుత్వం 2016లో ప్రారంభించిన 'చునౌతీ', 2018లో నగర పాలక బడులను కూడా కలుపుకొని చేపట్టిన 'మిషన్ బునియాద్' ఈ ఆలోచన నుంచి పుట్టినవే. చదవగలిగిన వారిని ఒక బృందంగా, చదవలేని వారిని మరో బృందంగా విడదీసి బోధించారు. ఇలా విడదీయడం పిల్లలపై ముద్ర వేయడమేనన్న విమర్శ వచ్చింది. అది తీసిపారేయదగింది కాదు. బృందం తాత్కాలికమై, అక్షరాలు పట్టుబడగానే పిల్లవాడు పై బృందంలోకి మారితేనే ఈ పద్ధతికి అర్థముంటుంది. ఏడాది పొడవునా అదే గదిలో ఉండిపోతే అది వెలివేతే.

ఆరోగ్యం పాత్ర కూడా తక్కువేమీ కాదు. ఢిల్లీ మురికివాడల్లోని బడి ముందు వయసు పిల్లలపై జరిగి, 2006లో ప్రచురితమైన పరిశోధనలో 69 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఇనుము మాత్రలు, నులిపురుగుల మందు ఇచ్చాక గైర్హాజరు దాదాపు ఐదో వంతు తగ్గింది. మధ్యాహ్న భోజనం ప్రభావం ఇంకా నెమ్మదిగా, ఇంకా లోతుగా పనిచేస్తుంది. ఐదేళ్ల వరకు ఆ భోజనం అందిన పిల్లలకు, ఏడాదిలోపు మాత్రమే అందినవారికన్నా పఠన పరీక్షల్లో 18 శాతం ఎక్కువ మార్కులు వచ్చినట్లు దేశవ్యాప్త సమాచారం ఆధారంగా జరిగిన అధ్యయనం తేల్చింది.

రాజధాని ప్రాంతానికే ప్రత్యేకమైన సమస్య శీతకాలపు గాలి. కోవిడ్ వల్ల 2020 మార్చిలో మూతపడిన ఢిల్లీ బడుల్లో చిన్న తరగతులు 2021 నవంబర్ 1న తెరుచుకున్నాయి. రెండు వారాలైనా గడవకముందే కాలుష్యం వాటిని మళ్లీ మూయించింది. ఆపై కోవిడ్ మూడో దశ రావడంతో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు తిరిగి బడికి వచ్చింది 2022 ఫిబ్రవరి 14న. రెండేళ్లపాటు బడి ముఖం దాదాపు చూడని పిల్లవాడు ఆ వ్యవధిలో రెండు తరగతులు దాటాడు. 2024 నవంబర్‌లో కాలుష్య నియంత్రణ ప్రణాళిక నాలుగో దశ అమలైనప్పుడు ఢిల్లీతో పాటు గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, గౌతమ్ బుద్ధ నగర్‌లలోనూ తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి. బడులు మూస్తే చాలామంది పిల్లలకు మధ్యాహ్న భోజనం అందడం లేదని, ఆన్‌లైన్ పాఠాలకు సౌకర్యాలు లేవని సుప్రీంకోర్టు ప్రస్తావించింది. ఇంట్లో గాలిశుద్ధి యంత్రం ఉన్న పిల్లలకు, ఒకే గదిలో కుటుంబమంతా ఉండే పిల్లలకు ఈ సెలవు ఒకటి కాదు.

ఇంటి భాష, తల్లిదండ్రుల చదువు కూడా లెక్కలోకి వస్తాయి. వలస కుటుంబాల్లో ఇంట భోజ్‌పురీ, మైథిలీ, బెంగాలీ వినే పిల్లలకు బడి హిందీ కొత్తగానే ఉంటుంది. ఢిల్లీ తెలుగు కుటుంబాలకు 1948 నుంచి ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలల రూపంలో ఒక ఆసరా ఉంది. ఆ అవకాశం అన్ని భాషల వారికీ లేదు. ప్రైవేటు బడికి పంపితే సరిపోతుందన్న నమ్మకమూ ప్రతిచోటా నిలవలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో వోచర్లతో ప్రైవేటు బడుల్లో చేరిన పిల్లలు నాలుగేళ్ల తర్వాత తెలుగులో, గణితంలో ప్రభుత్వ బడి పిల్లలను మించలేదు. హిందీలో మాత్రమే స్పష్టమైన ఆధిక్యం కనిపించింది.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడూ చదవగలగాలని, ప్రాథమిక లెక్కలు చేయగలగాలని కేంద్రం 2021 జులైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ నిర్దేశించింది. గడువు 2026-27. ఢిల్లీలో ఆ మూడు తరగతుల్లో అధిక భాగం నగర పాలక సంస్థ చేతిలోనే ఉన్నాయి.