వ్యసన చికిత్సలో వైద్య సిబ్బంది శిక్షణ: గ్రాంట్ల చరిత్ర

మద్యానికి, మాదకద్రవ్యాలకు బానిసలైనవారికి వైద్యం చేసేలా డాక్టర్లకు, నర్సులకు, కౌన్సెలర్లకు తర్ఫీదు ఇచ్చేందుకు ప్రభుత్వాలు కేటాయించే నిధులను వ్యసన చికిత్సా శిక్షణ గ్రాంట్లు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా నంద్యాల, ఆళ్లగడ్డ, మహానంది ప్రాంతాలున్న రాయలసీమలో, ఈ నిధుల కథ మద్యనిషేధ చరిత్రతో పెనవేసుకుని ఉంది.

పూర్వరంగం

వ్యసనాన్ని శతాబ్దాల తరబడి పాపంగానో, బలహీనతగానో చూశారు. మాన్పించే బాధ్యత గుడి మీద, ఇంటి ఆడవాళ్ల మీద పడింది. బ్రిటిష్ పాలనలో సర్కారు చూపు ఆబ్కారీ ఆదాయం మీదే నిలిచింది. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ మద్యనిషేధ చట్టం చేసి సేలంలో అమలు మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అది కడప, చిత్తూరు జిల్లాలకూ వచ్చింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 47వ అధికరణంలో ప్రజారోగ్యాన్నీ మద్యనిషేధాన్నీ ఒకే చోట పేర్కొంది. 1954 నవంబరులో కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు మంత్రివర్గం పడిపోయింది కూడా మద్యనిషేధ వివాదంలోనే. ఈ చర్చలన్నీ అమ్మకం చుట్టూ తిరిగాయి. తాగుడుకు బానిసైనవాడికి వైద్యం చేయగల డాక్టరు ఎక్కడున్నాడన్న ప్రశ్న ఇంకా పుట్టలేదు.

బళ్లారి ప్రయోగం

పల్లె వైద్యుడికి మానసిక వైద్యం నేర్పవచ్చన్న నమ్మకాన్ని నిలబెట్టింది రాయలసీమ పక్కనే ఉన్న, తెలుగువారు ఎక్కువగా నివసించే బళ్లారి జిల్లా. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 1985 నుంచి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు స్వల్పకాలిక శిక్షణ ఇచ్చింది. రోగిని ఊరికి దగ్గరలోనే గుర్తించడం, మందులు అందించడం, మళ్లీ మళ్లీ చూడడం ఈ పద్ధతికి ప్రాణం. శిక్షణలో మూర్ఛకు, తీవ్ర మానసిక వ్యాధులకే పెద్దపీట వేశారు. మద్యం సమస్యకు అంత చోటు దక్కలేదు. అయినా ఇది ఆదర్శప్రాయమైన ప్రయత్నం. 1996లో ఇదే నమూనాతో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో నాలుగు జిల్లాల్లో ప్రారంభమైంది. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి.

కేంద్ర గ్రాంట్లు

1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. చికిత్సా కేంద్రాలు నెలకొల్పే అధికారాన్ని దాని 71వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. 1989 సవరణతో మాదకద్రవ్య దుర్వినియోగ నియంత్రణకు జాతీయ నిధి ఏర్పడింది. వ్యసనపరులను గుర్తించడం, చికిత్స చేయడం, పునరావాసం కల్పించడం దాని లక్ష్యాల్లో ఉన్నాయి.

ఇదే కాలంలో కేంద్ర ఆరోగ్యశాఖ డీ-అడిక్షన్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దీని కింద రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్సా కేంద్రం కట్టడానికి 8 లక్షల రూపాయలు ఒకేసారి ఇచ్చేవారు. ఏటా నడిపేందుకు 2 లక్షలు ఈశాన్య రాష్ట్రాలకు మాత్రమే అందేవి. మిగతా చోట్ల జీతాలు, మందుల భారం రాష్ట్రాలదే. ఇలా దేశమంతటా 122 కేంద్రాలు వెలిశాయి. గోడలు లేచినంత వేగంగా తర్ఫీదు పొందిన వైద్యులు తయారు కాలేదు.

శిక్షణ భారాన్ని కొన్ని సంస్థలు ఎత్తుకున్నాయి. 1988లో ఢిల్లీలో మొదలై 2003లో ఘజియాబాద్‌కు మారిన ఎయిమ్స్ జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం ప్రభుత్వ వైద్యులకు తరగతులు నడిపింది. దక్షిణాదిలో 1980లో శాంతి రంగనాథన్ చెన్నైలో స్థాపించిన టీటీకే ఆసుపత్రి కౌన్సెలర్లకు పాఠశాలగా మారింది. ఆమెకు 1992లో పద్మశ్రీ లభించింది. సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చే గ్రాంట్లు వేరు. 1998లో ఏర్పడిన జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ నివారణ కేంద్రం, ప్రాంతీయ శిక్షణ కేంద్రాలు ఆ సంస్థల సిబ్బందికి పాఠాలు చెప్పాయి.

నిషేధం, వైద్యం

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం తెలుగు నేలను కదిలించింది. కర్నూలు జిల్లాకు చెందిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది సడలింది. అయితే నిషేధం ఒక్కటే వైద్యం కాదు. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. మాల వేసుకున్నా, దేవుడికి మొక్కుకున్నా శరీరానికి ఈ నియమం మారదు. డయాజిపామ్ వంటి మందులను ఏ మోతాదులో ఇవ్వాలో, గ్లూకోజు కంటే ముందు థయమిన్ ఎందుకు ఎక్కించాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి తెలిసి ఉండాలి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుకు అడ్డుకట్ట పడినప్పుడు, అది దొరక్క విలవిల్లాడిన రోగులు ఆసుపత్రులకు పోటెత్తి ఈ అవసరాన్ని కళ్లకు కట్టారు.

ఇటీవలి కాలం

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారు 180 మందికి ఒకరు. 2018-2025 జాతీయ కార్యాచరణ ప్రణాళిక సిబ్బంది సామర్థ్యం పెంచడాన్ని తన అంశాల్లో చేర్చుకుంది. దాని కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో వ్యసన చికిత్సా విభాగాలకు సహాయం అందింది. 2020 ఆగస్టు 15న నషాముక్త్ భారత్ అభియాన్ 272 జిల్లాల్లో మొదలైంది.

అమెరికాలో వ్యసన చికిత్సా శిక్షణకు గ్రాంట్లివ్వడం 1971లోనే ఆరంభమైంది. వైద్య కళాశాలల్లో వ్యసన పాఠాలు చెప్పే అధ్యాపకులకు ఆ దేశ ప్రభుత్వం గ్రాంట్లు ఇచ్చింది. 2023 జూన్ నుంచి నియంత్రిత మందులు రాసే వైద్యులకు అక్కడ 8 గంటల శిక్షణ తప్పనిసరి.

నంద్యాల

పెద్ద వైద్యానికి చాలాకాలం కర్నూలే దిక్కుగా ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లాగా ఏర్పడింది. 2023 సెప్టెంబరులో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. 2021 నిబంధనల ప్రకారం ఎంబీబీఎస్ చదివే ప్రతి విద్యార్థి ఇంటర్న్‌షిప్‌లో 2 వారాలు మానసిక వైద్య విభాగంలో పనిచేయాలి. వ్యసన రోగికి వైద్యం చేయడం ఇంటికి దగ్గరలోనే నేర్చుకునే అవకాశం నంద్యాల జిల్లా విద్యార్థులకు ఈ ప్రభుత్వ కళాశాలతో కలిగింది.