పశ్చిమ ప్రకాశమున పల్లెబడులు, మతబోధ



మన తాతముత్తాతలకు అక్షరము ఏ ద్వారమున వచ్చినదో తెలిసికొననిదే మన బిడ్డలకు ఎట్టి చదువు కావలయునో నిర్ణయింపజాలము. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల అరుంధతీయులలో పెక్కుమందికి అక్షరము మతబోధతో గూడి వచ్చినది. అది మేలో కీడో ఒక్కమాటతో తేల్చుట న్యాయము కాదు. జరిగినదానిని క్రమముగా విన్నవించుటయే యీ వ్యాసోద్దేశము.

ఈ సీమ 1800లో నైజాము కుంఫిణీవారికి వదలిన దత్తమండలములలోనిది. కంభము, మార్కాపురము తాలూకాలు 1858 వరకు కడప జిల్లాలోను, పిమ్మట కర్నూలు జిల్లాలోను ఉండి, 1970లో ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పేరు వచ్చినది. పూర్వము గ్రామములందు వీథిబడులుండెడివి. బాలుడు ఇసుకలో దిద్దు తొలి అక్షరములే దైవనమస్కారము; ‘ఓనమాలు’ అను మాటయే అందులకు సాక్షి. తరువాత శతకములు, రామాయణకథ, అమరము వల్లె వేయించెడివారు. కావున బడిలో మతబోధ మిషనరీలతో పుట్టినది కాదు. అయితే ఆ పంతులుగారి అరుగు మన బిడ్డలు ఎక్కరానిదై యుండెను.

బడి లేనంతమాత్రమున మనవారు జ్ఞానశూన్యులని తలపరాదు. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో కక్కయ్య మన కులమువాడే యని సంప్రదాయము చెప్పుచున్నది. తత్త్వములు, గురూపదేశములు నోటినుండి నోటికి మన వాడలలో నడచినవి. కనిగిరి దిక్కున తాళ్లకొండపాడు వాస్తవ్యుడు ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారి, క్రైస్తవుడు కాకపూర్వము రాజయోగము సాధించినవాడు. మన పెద్దల ఇట్టి అన్వేషణమును ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ దొరసాని ‘చెప్పులు కుట్టుచు’ అని యర్థమిచ్చు పేరుగల తన ఆంగ్లగ్రంథమున 1899లో ప్రకటించెను.

అమెరికను బాప్తిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు చేరెను. ఆ యేడే పేరయ్య బాప్తిస్మము పొందెను. మనవారిని చేర్చుకొనుట చూచి అగ్రవర్ణముల బాలురు మిషను బడిని విడిచిరి. దొర మనవారిని విడువలేదు. 1876–78 నాటి ఘోరక్షామమున ఆయన బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. క్షామము సాగినంతకాలము బాప్తిస్మము లిచ్చుట మాని, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కనాడు 2,222 మందికి ఇచ్చిరి. నల్లమలలో పుట్టి కంభము చెరువును నింపివచ్చు గుండ్లకమ్మయే అది. 1882లో కంభమున, 1895లో మార్కాపురమున మిషను కేంద్రములు వెలసినవి. గిద్దలూరు వైపున నంద్యాల, కలసపాడు కేంద్రములుగా ఎస్.పి.జి. అను ఆంగ్లికను సంఘము పనిచేసెను.

ఈ మిషనుల పల్లెబడిలో ఉపాధ్యాయుడును బోధకుడును తరచుగా ఒక్కడే. పగలు పసులకాపరులై, జీతగాండ్రై యుండు బాలురకు రాత్రి దీపమే బడివేళ. పలకపై అక్షరములు, పిమ్మట బైబిలు కథలు, కీర్తనలు, ప్రశ్నోత్తరములు. క్లౌ దొర సంఘములలో మూడు నియమములు ముఖ్యములు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఇవి బడిపాఠములుగా కనబడినను ఊరిలోని కట్టుబాటునే కదల్చినవి. ఆదివారము పొలము పోనివానికి, జాతరలో డప్పు కొట్టనివానికి రైతుతో తగవు తప్పలేదు.

దొరతనమువా రేమి చేసిరి? 1854 నాటి విద్యాశాసనపత్రము సహాయద్రవ్యపద్ధతిని స్థాపించి, ఆ బడులలోని మతబోధను ఇన్‌స్పెక్టరు విచారింపనక్కరలేదనెను. 1882 నాటి హంటరు కమిషను, ఒకే బడి యున్న గ్రామమున తలిదండ్రు లిష్టపడనిచో మతపాఠమునుండి బిడ్డను తప్పించుకొను హక్కుండవలెనని సిఫారసు చేసెను. 1893లో మదరాసు ప్రభుత్వము పంచముల విద్యకు ప్రత్యేక ప్రోత్సాహమిచ్చెను. హక్కు కాగితముపై మంచిదే. కాని అర్జీ వ్రాసిపెట్టుటకును, కరణము ఎదుట పలుకుటకును ఆ బోధకుడే దిక్కైనప్పుడు, వాని పాఠమును వలదనుటకు చదువురాని తండ్రికి నోరెట్లు వచ్చును? రెండవ బడి లేనిచోట సమ్మతి సంపూర్ణము కాదు. ఈ దోషము బడి పెట్టినవారిదానికంటె, అరుగుపై చోటీయని ఊరిదే యెక్కువ.

1950లో అమలైన రాజ్యాంగము 28వ అధికరణముచే, పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు బడిలో మతబోధ ఉండరాదని, సహాయద్రవ్యము పొందు బడిలో సంరక్షకుని సమ్మతి లేక బాలునకు మతబోధ చేయరాదని విధించెను. ఆ 1950లోనే వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులత్వమును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించిరి, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రమున వారు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున నున్నారు. ఒకే వాడలో, ఒకే అంటరానితన మనుభవించిన అన్నదమ్ముల బిడ్డలు రెండు వర్గములైరి. తాతకు అక్షరమిచ్చిన పాఠమే మనుమని ధ్రువపత్రమున ప్రశ్నగా నిలిచినది.

మతములను గూర్చి తెలియజెప్పుట వేరు, ఒక మతమును ఆచరింపజేయుట వేరని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. ఈ భేదమే మనకు దారి. హిందువుల బిడ్డలును క్రైస్తవుల బిడ్డలును ఒక్క చాపపై కూర్చుండి కక్కయ్య కథను, పేరయ్య కథను సమముగా విందురుగాక. ప్రార్థన ఇంటిది, గుడిది, చరిత్ర అందరిది.

మార్కాపురపు పలక దేశమంతట బడిపిల్లల చేతి కెక్కినది. కాని ఆ పలకలు చేయు పనిలో మగ్గిన బాలల కొరకు 1988లో జాతీయ బాలకార్మిక పథకమును ఇచ్చట ప్రారంభింపవలసివచ్చెను. పలక చేయువాని బిడ్డకు పలక లేకపోవుటకంటె అధర్మమేమి? కావున పోషకులు ప్రతి వాడలోను సాయంకాలపు చదువునకు దీపము, పుస్తకము, ఉపాధ్యాయుని సమకూర్పవలెను. ఇండ్లలోనున్న పాతబడుల పట్టికలను, సంఘపు పుస్తకములను చెదలపాలు గాకుండ సంఘమున కప్పగింపవలెను. అక్షరమిచ్చినవారికి కృతజ్ఞత, అక్షరముపై స్వాతంత్ర్యము, ఈ రెండును కలిగి మన బిడ్డలు వర్ధిల్లుదురుగాక.