ఆదిపాపం, మానవ స్వేచ్ఛ, దైవ బాధ్యత: నంద్యాల సీమలో ఒక ప్రాచీన వివాదం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ముస్లింలు, క్రైస్తవులు తరతరాలుగా ఇరుగుపొరుగు వారు. పొలంలోనూ బజారులోనూ బడిలోనూ కలిసి మెలిగే ఈ రెండు వర్గాల మధ్య మత ప్రసక్తి వచ్చినప్పుడు సంభాషణ తరచుగా ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఆదం చేసిన తప్పుకు అప్పుడే పుట్టిన శిశువు పాపి ఎలా అవుతాడు? ఇది న్యాయమైన ప్రశ్నే. కాని దీనితోనే విషయం తేలిపోయిందనుకోవడం తొందరపాటు. ఆ సిద్ధాంతం ఎలా రూపొందింది, మన గ్రామాలకు ఎలా చేరింది, ఇక్కడివారికి ఏమని వినిపించింది అన్నవి తెలిస్తేనే మన సమాధానానికి బలం చేకూరుతుంది.

బైబిలు ఆదికాండంలో ఆదం ఆజ్ఞను మీరడం, తోట నుండి వెళ్లగొట్టబడడం ఉన్నాయి గాని, "ఆదిపాపం" అనే మాట లేదు. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ అయిదవ అధ్యాయం ఆ భావానికి ముఖ్యమైన ఆధారం. దానిని సంపూర్ణ సిద్ధాంతంగా తీర్చినవాడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీను (354–430). ఆయన ప్రత్యర్థి పెలేజియస్. మనిషి తన సంకల్పంతో మేలును ఎంచుకోగలడనీ, ఆదం తన సంతతికి చెడ్డ ఉదాహరణ మాత్రమే అయ్యాడనీ పెలేజియస్ పక్షం వాదించింది. ఆదం పతనంతో మానవ సంకల్పమే చెడిపోయిందనీ, దైవానుగ్రహం లేనిదే అది మేలు వైపు తిరగజాలదనీ అగస్టీను బదులు చెప్పాడు. 418లో కార్తేజి సభ పెలేజియస్ బోధను ఖండించింది.

ఈ వివాదంలో అనువాదానికి కూడా పాత్ర ఉంది. అగస్టీను ఆధారపడిన లాటిన్ పాఠంలో, ఆదం "యందు" అందరూ పాపం చేశారనే అర్థం వచ్చింది. గ్రీకు మూలానికి నేటి పండితులలో అధికులు చెప్పే అర్థం వేరు: అందరూ పాపం చేసినందున మరణం అందరికీ వచ్చింది. తెలుగు బైబిలు కూడా ఈ రెండవ అర్థాన్నే అనుసరించింది. తూర్పు దేశాల ఆర్థడాక్సు సంఘాలు ఆదం నుండి మరణం, బలహీనత సంక్రమించాయంటాయి గాని, ఆదం నేరం సంక్రమించిందని అనవు. కనుక "క్రైస్తవులందరూ ఇలా నమ్ముతారు" అని ఏకవాక్యంలో తీర్పు చెప్పడం చరిత్రకు విరుద్ధం.

అయితే మన ప్రాంతానికి వచ్చింది పడమటి సంప్రదాయమే. ఇంగ్లండు సంఘం 1571 నాటికి స్థిరపరచిన ముప్పై తొమ్మిది విధులలో తొమ్మిదవది ఆదిపాపాన్ని గూర్చినది, పదవది స్వేచ్ఛా సంకల్పాన్ని గూర్చినది, పదిహేడవది దైవ ముందు నిర్ణయాన్ని గూర్చినది. తొమ్మిదవ విధి పెలేజియస్ అనుయాయులను పేరెత్తి మరీ తిరస్కరిస్తుంది. 1701లో లండనులో స్థాపితమైన ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ సంస్థ, 1850ల దశకంలో ఆళ్లగడ్డకు దక్షిణాన చాగలమర్రి వైపునున్న ముత్యాలపాడులో పని ప్రారంభించింది. తరువాత నంద్యాల ముఖ్య కేంద్రమైంది. ఆ విధంగా అయిదవ శతాబ్దపు ఆఫ్రికా వివాదం కుందూ లోయలోని పల్లెలకు చేరింది. ఆంగ్లికన్లు పసిపిల్లలకు కూడా బాప్తిస్మం ఇస్తారు. శిశువు పాపంలో జన్మించాడనే భావం ఆ ఆరాధన క్రమంలో భాగం. నల్లమలకు తూర్పున ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టులు మాత్రం, స్వయంగా విశ్వాసం ప్రకటించగలవారికే బాప్తిస్మం ఇచ్చారు. కొండకు అటొక ఆచారం, ఇటొక ఆచారం.

మిషనరీల బోధను స్వీకరించిన వారిలో అధిక సంఖ్యాకులు మాలలు. వారి చెవికి ఈ సిద్ధాంతం ఎలా వినిపించి ఉంటుంది? తెలుగు క్రైస్తవులు పాపాన్ని "జన్మపాపం, కర్మపాపం" అని రెండుగా చెబుతారు. మొదటిది పుట్టుకతో వచ్చినది, రెండవది తాను చేసినది. కాని తెలుగునాట "జన్మ", "కర్మ" అనే మాటలకు అప్పటికే వేరొక చరిత్ర ఉంది. పూర్వజన్మ పాపం వల్లనే నీవీ కులంలో పుట్టావని ఊరు ఆ మనిషికి చెబుతూ వచ్చింది. ఆ లెక్కలో పుట్టుక పాపానికి గుర్తు కొందరి విషయంలో మాత్రమే. కొత్త బోధ ప్రకారమో, రెడ్డి, కరణం, దొర, మాల అందరూ ఒకే పాపంలో పుట్టినవారే. ఎవరి పుట్టుకా మరొకరి పుట్టుక కన్న శుద్ధమైనది కాదు. మనకు భారంగా తోచే సిద్ధాంతం అతనికి భారం దించినట్లు తోచి ఉండవచ్చు. ఆ సిద్ధాంతాన్ని మనం అంగీకరించనక్కరలేదు. కాని మన పొరుగువాని తాతముత్తాతలు దానిని ఎందుకు హత్తుకున్నారో అర్థం చేసుకోవడం మన బాధ్యత.

ఇక దైవ బాధ్యత మాట. 1876–78 మహాక్షామంలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఆ జిల్లా జనసంఖ్య సుమారు నాలుగో వంతు తగ్గింది. క్షామం తగ్గుముఖం పట్టాక, 1878 జూలై 3న, ఒంగోలు మిషను ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. ఆకలితో బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగే ప్రశ్నకు "ఆదం పాపం" అన్నా, "పూర్వజన్మ కర్మ" అన్నా, "తలరాత" అన్నా ఒక ప్రమాదముంది: అసలు బాధ్యులు తప్పించుకుంటారు. వానలు మనుషుల చేతిలో లేవు, నిజమే. కాని ప్రజలు చనిపోతున్న కాలంలో ధాన్యం ఎగుమతి కానిచ్చినదీ, సహాయక పనులలోని కూలీల బత్తెం రోజుకు ఒక పౌను ధాన్యానికి కుదించినదీ మనుషులే, వారి ప్రభుత్వమే.

ఇస్లాం వైఖరి సుపరిచితమే. ఆదం (అలైహిస్సలాం) పశ్చాత్తాపాన్ని అల్లాహ్ స్వీకరించాడు (2:37). ఎవరి భారాన్నీ వేరొకరు మోయరు (6:164, 53:38). ప్రతి శిశువూ స్వచ్ఛమైన సహజ స్వభావం, అంటే ఫిత్రత్ మీదనే పుడుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. కనుక సంక్రమించిన నేరమనే చిక్కు మనకు లేదు. అయితే దైవ నిర్ణయం, మానవ స్వేచ్ఛల మధ్య చిక్కు మనకూ ఉంది. మనిషి గాలిలో ఈక వంటివాడని జబ్రియ్యా వర్గం, తన కర్మలకు తానే కర్త అని ఖదరియ్యా, ముతజిలా వర్గాలు వాదించాయి. కర్మను సృష్టించేది అల్లాహ్, దానిని ఆర్జించేది దాసుడు అని ఇమాం అష్అరీ (మరణం హి.శ. 324) మధ్యేమార్గం చెప్పారు. ఈ "కస్బ్" భావన మీద చర్చ నేటికీ ముగియలేదు.

బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ప్రసిద్ధ హదీసు ఇక్కడ స్మరణీయం. మమ్మల్ని స్వర్గం నుండి బయటికి రప్పించావని మూసా (అలైహిస్సలాం) ఆదంను నిందిస్తారు. తన సృష్టికి ముందే వ్రాయబడిన దానికి నన్ను నిందిస్తావా అని ఆదం అడుగుతారు. వాదంలో ఆదందే పైచేయి. అయితే పాపాలకు విధి సాకుగా పనికివస్తుందా? ఇమాం ఇబ్ను తైమియా వివరణ ప్రకారం అక్కడ చర్చ పాపం గురించి కాదు, దాని వెంట వచ్చిన కష్టం గురించి. ఆదం అప్పటికే తౌబా చేశారు. కష్టం వచ్చినప్పుడు దైవ నిర్ణయాన్ని తలచుకుని ఓర్చుకోవాలి. తప్పు చేసినప్పుడు పశ్చాత్తాపపడాలి. సిరియాలో ప్లేగు వ్యాపించినప్పుడు హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఆ ప్రాంతానికి పోకుండా వెనుదిరిగారు. దైవ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని అడిగితే, ఒక దైవ నిర్ణయం నుండి మరొక దైవ నిర్ణయం వైపుకే వెళుతున్నామన్నారు. "ఖద్ర్"ను "తలరాత" అని తెనిగిస్తే ఈ అర్థమంతా జారిపోతుంది. తలరాత చేతులు ముడుచుకొమ్మంటుంది. ఖద్ర్ మీద విశ్వాసం ఉమర్‌ను వెనక్కు తిప్పింది.

ఆదిపాపాన్ని నిరాకరించేవారు ఆ నిరాకరణకు కట్టుబడి జీవించాలి. ఎవరి భారాన్నీ మరొకరు మోయరని పఠించే మనమే, పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి "వాళ్లు దూదేకులవాళ్లు కదా" అని వెనక్కు తగ్గితే, తండ్రి తాతల వృత్తిని బిడ్డ మీద భారంగా మోపినట్లే. అది కూడా ఒక జన్మపాప సిద్ధాంతమే. గ్రంథాలలో లేదు గాని ఇళ్లలో ఉంది. పొరుగువాని విశ్వాసాన్ని మనం ఏ తూకపురాయితో తూచామో, మన ఆచారాన్నీ ఆ రాయితోనే తూచాలి.