పాత చరియల గుట్టు విప్పే భూభౌతిక సర్వే
జోషీమఠ్‌లో నేల లోపలి పొరలను పరిశీలించిన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ

హైదరాబాద్: కొండచరియ విరిగిపడిన తర్వాత పైకి కనిపించేది మట్టి, బండరాళ్ల గుట్ట మాత్రమే. అది ఎంత లోతున పేరుకుంది, అడుగున గట్టి రాయి ఎక్కడ మొదలవుతుంది, నడుమ నీరు ఎక్కడ నిలుస్తోంది అన్న మూడు విషయాలు తేలితే గానీ ఆ నేల మళ్లీ కదులుతుందో లేదో చెప్పలేరు. తవ్వకుండానే వీటిని అంచనా వేసే విధానమే భూభౌతిక సర్వే.

దీని అవసరాన్ని ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ దేశానికి గుర్తుచేసింది. చమోలీ జిల్లాలో బదరీనాథ్ మార్గంలో ఉన్న ఈ పట్టణానికి 2024లో జ్యోతిర్మఠ్ అని పేరు మార్చారు. ఇది పురాతన కొండచరియల శిథిలాలపై వెలసింది. ఇక్కడ భారీ నిర్మాణాలను నియంత్రించాలని, మురుగునీటికి సరైన దారి కల్పించాలని మిశ్రా కమిటీ 1976లోనే సూచించింది. 2023 జనవరిలో వందలాది ఇళ్లు బీటలు వారగా అనేక కుటుంబాలు సహాయ శిబిరాలకు తరలాయి. కారణాలను పరిశీలించిన సంస్థల్లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఒకటి. ఇది 1961లో ఏర్పడింది.

విద్యుత్ పరీక్ష

వాలు వెంట వరుసగా ఇనుప కడ్డీలు పాతి, రెండింటి ద్వారా భూమిలోకి విద్యుత్ పంపుతారు. మరో రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. నీరు పట్టిన బంకమట్టిలో విద్యుత్ సులువుగా ప్రవహిస్తుంది. పొడిగా ఉన్న గట్టి రాయి దానిని అడ్డుకుంటుంది. కడ్డీల వరుస ఎంత పొడవుంటే అందులో సుమారు ఐదో వంతు లోతు వరకు పొరల చిత్రం లభిస్తుంది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. శిథిలాల్లో గాలి సందులతో కూడిన పొడి బండరాళ్ల కుప్ప కూడా గట్టి రాతిపొరలాగే విద్యుత్‌ను అడ్డుకుంటుంది. దానినే పునాది రాయిగా పొరబడితే అంచనా మొత్తం తప్పుతుంది.

సుత్తి దెబ్బతో నిర్ధారణ

ఈ సందేహాన్ని ప్రకంపన తరంగాలు తీరుస్తాయి. నేలపై ఉంచిన లోహపు పలకను పెద్ద సుత్తితో కొట్టి, తరంగాలు చేరే సమయాన్ని జియోఫోన్లతో నమోదు చేస్తారు. వదులు శిథిలాల్లో ఇవి సెకనుకు కొన్ని వందల మీటర్ల వేగంతో, పగుళ్లు లేని గట్టి రాయిలో 3,000 మీటర్లకు మించిన వేగంతో సాగుతాయి. రెండు పరీక్షల ఫలితాలు కలిస్తేనే రాతిపొర లోతు ఖాయమవుతుంది.

పైపొరల్లోని పగుళ్లు, ఖాళీలను గుర్తించేందుకు భూమిలోకి చొచ్చుకుపోయే రాడార్‌ను వాడతారు. తడి బంకమట్టి ఎదురైతే రాడార్ తరంగాలు కొద్ది మీటర్లలోనే క్షీణిస్తాయి. జోషీమఠ్‌లో ఎన్‌జీఆర్‌ఐ విద్యుత్, ప్రకంపన, రాడార్ పద్ధతులు మూడింటినీ ఉపయోగించింది.

బోరు తప్పనిసరి

సర్వే చూపిన పొరలను ఒకటి రెండు చోట్ల బోరు వేసి సరిచూసుకోవాలి. వర్షాలకు ముందు, తర్వాత అదే వరుసలో పరీక్ష జరిపితే నీరు ఎక్కడ చేరుతోందో తెలుస్తుంది. శిథిలాల్లో నీటి పీడనం పెరిగేకొద్దీ మట్టిరేణువుల పట్టు సడలుతుంది గనుక నీటిని మళ్లించే కాలువలు, గొట్టాలు ఎక్కడ వేయాలన్నది ఈ చిత్రాలే నిర్ణయిస్తాయి. జోషీమఠ్ పునరుద్ధరణకు కేంద్రం 2023 నవంబరులో రూ.1,658.17 కోట్ల ప్రణాళికను ఆమోదించింది.

తిరుమలలో తీరు వేరు

2021 డిసెంబరులో తిరుమల ఘాట్ రోడ్డుపై బండరాళ్లు పడిన ఘటన ఇందుకు భిన్నమైనది. అక్కడ ముప్పు కాలికింది శిథిలాల్లో లేదు. ఎత్తయిన క్వార్ట్‌జైట్ చరియల పగుళ్లలో ఉంది. నిటారు చరియపై కడ్డీలు పాతడం కష్టం. అందువల్ల అటువంటి చోట్ల పగుళ్ల దిశను, వాలును కొలవడం, వదులైన బండలను ముందే తొలగించడం, ఇనుప వలలు బిగించడం ప్రధానం. చరియ కింద పేరుకున్న రాళ్లగుట్ట మీద రోడ్డు గానీ, ఇల్లు గానీ కట్టదలచినప్పుడు మాత్రం భూభౌతిక సర్వేతోనే పని మొదలుపెట్టడం క్షేమకరం.