డాక్టరు లేని ఊళ్ళో పుట్టిన చదువు

"డాక్టరు గారికి వచ్చే నెల దాకా ఖాళీ లేదు, నర్స్ ప్రాక్టిషనరు చూస్తే ఫరవాలేదా?" అమెరికాలో కాపురముంటున్న తెలుగువాళ్ళలో ఈ ప్రశ్న ఎదురవని వాళ్ళు తక్కువ. "నర్సా?" అని ఒక్క క్షణం తటపటాయించని వాళ్ళు ఇంకా తక్కువ. రోగమేమిటో తేల్చి, మందు రాసిచ్చే నర్సుని మనం మన ఊళ్ళో చూసి ఎరగం మరి.

నేను కంప్యూటర్ల మనిషిని. వైద్యం నా విద్య కాదు. మా పెద్దమ్మ కూతురు గుంటూరులో నర్సింగ్ చదివి, గల్ఫులో కొన్నేళ్ళు చేసి, ఇక్కడికొచ్చింది. ముందు బ్యాచిలర్స్ పూర్తిచేసి, యాభైకి దగ్గరపడ్డాక నర్స్ ప్రాక్టిషనరు మాస్టర్స్‌లో చేరింది. స్టాటిస్టిక్స్ పాఠాలకి నన్ను పట్టుకుంది. ఆ వంకన ఈ చదువు పుట్టుపూర్వోత్తరాలు కొన్ని నాకు తెలిసొచ్చాయి.

కథ 1965లో కొలరాడోలో మొదలవుతుంది. లొరెట్టా ఫోర్డ్ అనే పబ్లిక్ హెల్త్ నర్సు అప్పటికి చాలా ఏళ్ళుగా పల్లెల్లో తల్లీపిల్లల్ని చూసుకుంటూ వచ్చింది. డాక్టరు దొరకని చోట నర్సు ఎంత పని చెయ్యవలసి వస్తుందో ఆవిడకి స్వానుభవం. ఆవిడా, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరూ కలిసి కొలరాడో యూనివర్సిటీలో ఒక ప్రయోగం మొదలెట్టారు. నర్సులకి కొన్ని నెలలపాటు గట్టి శిక్షణ: గుండె, ఊపిరితిత్తుల చప్పుడు వినడం, చెవిలోకి చూడడం, బిడ్డ ఎదుగుదల అంచనా కట్టడం, తాను చూడగలిగిందేదో డాక్టరు దగ్గరికి పంపవలసిందేదో తేల్చుకోవడం.

అదే ఏడాది జులైలో మెడికేర్, మెడికెయిడ్ చట్టం మీద సంతకమయింది. వైద్యం కావలసినవాళ్ళు పెరిగారు, పల్లెల్లో డాక్టర్లు పెరగలేదు. అక్టోబరులో వలస చట్టం మారింది. గుంటూరు, విశాఖ, ఉస్మానియా కాలేజీల డాక్టర్లు ఈ దేశానికి వచ్చింది ఆ తలుపులోంచే. కొరత తీర్చుకోవడానికి ఈ దేశం బయటి డాక్టర్లని తెచ్చుకుంది, ఇంట్లో ఉన్న నర్సులకి పై చదువూ చెప్పింది. మొదటిది మన సావనీర్లలో చాలాసార్లు చదివాం. రెండోది మన కంట పడలేదు.

ఫోర్డ్‌ని ముందుగా ఎదిరించింది డాక్టర్లనుకుంటే పొరపాటే. ఎక్కువ వ్యతిరేకత నర్సింగ్ పంతుళ్ళ నుంచే వచ్చింది. ఇది నర్సుల్ని నర్సింగుకి దూరం చేసి వైద్యం వైపు లాగే ఎత్తు అని మార్తా రోజర్స్ లాంటి పెద్దలు గట్టిగా వాదించారు. తరవాత చట్టం గొడవ. నర్సు రోగనిర్ధారణ చెయ్యవచ్చునని 1971లో ముందుగా ఒప్పుకున్న రాష్ట్రం ఐడహో. మిస్సోరీలో కుటుంబ నియంత్రణ క్లినిక్కుల్లో పనిచేసే ఇద్దరు నర్సులు లైసెన్సు లేని వైద్యం చేస్తున్నారన్న ఆరోపణ కోర్టుకెక్కింది. కింది కోర్టులో ఓడి, 1983లో రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచారు.

మొదట్లో చాలాచోట్ల ఇది సర్టిఫికెట్ కోర్సే. ఒకచోట కొన్ని నెలలు, మరోచోట ఏడాది. ఎవరికెంత వచ్చో తేల్చేదెలా? అందుకే చదువు మెల్లగా యూనివర్సిటీల్లోకి జరిగింది. 1990లలో మాస్టర్స్ డిగ్రీ ఆనవాయితీ అయింది. మందుల శాస్త్రం, రోగాల శాస్త్రం, వందల గంటల క్లినికల్ పని, పైన జాతీయ పరీక్ష. 1997 చట్టంతో ఏ ఊళ్ళో పనిచేసినా మెడికేర్ నేరుగా చెల్లించడం మొదలెట్టింది. అయితే డాక్టరుకిచ్చేదాంట్లో 85 శాతమే. 2015 కల్లా డాక్టరేట్ ఉండాలని నర్సింగ్ కాలేజీల సంఘం 2004లో అంది. ఆ గడువు దాటిపోయింది, మాస్టర్స్ దారి మూతపడలేదు.

డాక్టర్ల శిక్షణ గంటలు దీనికి ఎన్నో రెట్లు అన్న అభ్యంతరం ఇప్పటికీ ఉంది. కొట్టిపారేయదగ్గది కాదు. ఇటు చూస్తే, న్యూయార్కులో రోగుల్ని చీట్లు తీసినట్టు ఇద్దరికీ పంచి చూసిన అధ్యయనం 2000లో అచ్చయింది. ఆరు నెలల తరవాత రోగుల ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

"ఇంత చదివి డాక్టరువి అవుతావా ఏమిటి?" అని చుట్టాలు అడిగితే మా అక్క, "అవను. నర్సుగానే ఉండి ఇంకాస్త చూడగలను" అంటుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పొద్దున్నే పుస్తకం తెరిచే మనిషి ఆ మాట అంటే ఎదురు చెప్పబుద్ధి కాదు.

మన పల్లెల్లో డాక్టరు లేని చోటుని ఆర్.ఎం.పి.లు నింపారు. ఏ వైద్య కళాశాల గడపా తొక్కకుండా సెలైన్లు ఎక్కించినవాళ్ళని మనందరం ఎరుగుదుం. అదే ఊళ్ళో టీకాలు వేసి, పురుళ్ళు చూసిన నర్సమ్మకి పై చదువు చెప్పిద్దామన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ కలిసి నర్సులకి 18 నెలల ప్రసూతి శిక్షణ మొదలెట్టాయి. మరుసటి ఏడాది కేంద్రం కూడా ఆ బాటలో మార్గదర్శకాలు తెచ్చింది.

లొరెట్టా ఫోర్డ్ 2025 జనవరిలో, 104 ఏళ్ళ వయసులో పోయింది. అప్పటికి ఈ దేశంలో నర్స్ ప్రాక్టిషనర్లు 3 లక్షల 85 వేలకు పైనే. సగానికి పైగా రాష్ట్రాల్లో వాళ్ళు డాక్టరు సంతకం లేకుండా వైద్యం చెయ్యవచ్చు. దీనికి అరవయ్యేళ్ళు పట్టింది. ముందు పని, దాని వెనక చదువు, చిట్టచివర చట్టం వచ్చాయి. మన నర్సమ్మ పని ఎప్పటినుంచో చేస్తూనే ఉంది. మిగతా రెండూ ఆవిడకి ఇంకా బాకీ.