పటంలో మన వాగు ఎక్కడ?



బడిలో భూగోళం పాఠం అనగానే గోడకు వేలాడే దేశపటం గుర్తొస్తుంది. అందులో గంగ ఉంటుంది, గోదావరి ఉంటుంది. మన ఊరి వాగు మాత్రం కనిపించదు. దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే గొలుసులతో, కొలత పరికరాలతో ఏళ్ల తరబడి ఉత్తరానికి సాగింది. ఆ పనిలో ఉండగానే ఆయన 1823లో హింగన్‌ఘాట్‌లో మరణించాడు. దేశపటాలకు ఆ సర్వే పునాది అయింది. అయితే పటం గీసినవారికి కావలసినవి పన్ను, దారి, కలప. మన పెద్దలకు తెలిసిన పేర్లను అడిగి రాసుకోవడం వారి పని కాలేదు.

పటం మీద గీసే గీత బతుకునే మార్చగలదని ఆదిలాబాద్ అడవులు చూపించాయి. గోండులు, కొలాములు ఒక చేనును కొన్నేళ్లు సాగు చేసి, నేల బలం పుంజుకోవడానికి వదిలి, మరో చేనుకు వెళ్లేవారు. నిజాం పాలనలో రిజర్వు అడవి హద్దులు గీసినప్పుడు అలా విశ్రాంతికి వదిలిన చేలు కూడా అడవి లెక్కలోకి పోయాయి. సాగుదారులు ఆక్రమణదారులయ్యారు. జోడేఘాట్, బాబేఝరి వంటి 12 గూడేల కోసం పోరాడిన కుమ్రం భీం 1940లో అమరుడయ్యాడు. ఆ తర్వాత హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. మన పిల్లలకు మనవాళ్లే, మన భాషలో చెప్పాలన్న ఆలోచన అక్కడ రూపం దిద్దుకుంది. పటం పాఠానికీ అదే దారి.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక గీత గీసే పని కొంత మన చేతికొచ్చింది. ఊరి అటవీ హక్కుల కమిటీయే గుర్తుపట్టగల ఆనవాళ్లతో క్లెయిము పటం తయారు చేయాలని నిబంధనలు చెబుతున్నాయి. ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012 సవరణ తేల్చింది. అంటే అవ్వ, తాత చెప్పే సాక్ష్యానికి విలువ పోలేదు.

2009లో ఇస్రో తెచ్చిన భువన్, అందరూ కలిసి గీసే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి. టీచర్లుగా ఉన్న మన అన్నలు, అక్కలు పాఠాన్ని పిల్లవాడి ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు. ముందు తెర మీద బడిని వెతకాలి. తర్వాత ఊరి పెద్దతో కలిసి వాగు వెంట నడిచి, ప్రతి మలుపుకూ పేరు అడిగి, జీపీఎస్‌తో గుర్తు పెట్టాలి. దట్టమైన చెట్ల కింద ఫోను కొన్ని మీటర్లు తప్పు చూపుతుంది. ఎందుకలా చూపుతుందో చెప్పినా అదొక పాఠమే. చిన్న చేను హద్దులో ఆ కొన్ని మీటర్లే తగవు తెస్తాయని పిల్లలకు తెలియాలి.

ఒక్క జాగ్రత్త. పేన్ స్థలాలు, మందు మొక్కల చోట్లు లోకమంతా చూసే పటంలో పెట్టే ముందు ఊరిని అడగండి. పెద్దలు వద్దంటే అవి మన నోటు పుస్తకంలోనే ఉండనివ్వండి.

ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఈ సెలవుల్లో మీ తాతను వెంటబెట్టుకుని వాగు దాకా నడవండి. మన ఊరి పటంలో మొదటి పేరు ఆయన నోటి నుంచే రావాలి.